పొద్దులంకలో ఖాళీ ఇల్లు

కథ రాయమంటే ఊరు కట్టే రకం మెర్సీ. మామూలు రచయితలు ముందు ఒక అమ్మాయిని, ఒక అబ్బాయిని పుట్టించి, వాళ్ళకి పోట్లాట పెట్టి, ఆ తరవాత తీరిగ్గా ఊరి పేరు వెతుక్కుంటారు. మెర్సీకి అలా కుదరదు. మనిషిని పుట్టించే ముందు ఆ మనిషి తాగే నీళ్ళు ఎక్కణ్ణించి వస్తాయో తేలాలి. ఉప్పు ఎవరు తెస్తారు, జుట్టు ఎవరు కత్తిరిస్తారు, వరదొస్తే గేదెల్ని ఎక్కడికి తోలతారు, ఇవన్నీ తేలితే గానీ ఆవిడ నోట కథ రాదు.

"దేవుడుగారు కూడా ఆరు రోజుల్లో తేల్చేసేరు కదే. నీకు రెండేళ్ళు పట్టింది," అని వాళ్ళమ్మ సుందరమ్మగారు దెప్పేది.

ఆ రెండేళ్ళ కట్టుబడి పేరు పొద్దులంక. ముక్తేశ్వరంలో వాళ్ళ ఇంటి వెనకగదిలో, ఒక పాత తలుపు చెక్కని రెండు స్టూళ్ళ మీద పడుకోబెట్టి, గోదావరి ఒండ్రు మట్టితో చేసింది ఆ లంకని. చుట్టూ నీలం రంగు పూసిన ఏరు. అగ్గిపెట్టెలంత ఇళ్ళు, కొబ్బరి పీచు కప్పిన పాకలు, రేవులో వేలెడంత పడవ. గోదావరి పాయ గౌతమిలో ఉన్న లంకలన్నీ వెతికినా పొద్దులంక కనబడదు. ముక్తేశ్వరం రేవులో నిలబడి తూర్పుకి చూస్తే, అది ఉండాల్సిన చోట ఉత్త నీళ్ళే. ఆ నీళ్ళ మీదే మెర్సీ ఊరు కట్టింది.

పగలు హైస్కూల్లో తెలుగు చెప్పి, ఇంటికొచ్చి టీ తాగి, ఆ గదిలో ఫోను ముందు కూర్చుని కథ చెప్పేది. కథలు వినిపించే యాప్ ఒకటుంది. అందులో వారానికో భాగం. గొంతులన్నీ తనవే. ముసలి పైడమ్మకి కీచు గొంతు, పిల్లలకి ముద్దు గొంతు, పడవ నడిపే ముత్యాలరాజుకి బొంగురు గొంతు. ఆ బొంగురు గొంతు మొదటిసారి విన్నరోజు, ఇంట్లోకి ఎవడో మగాడు దూరాడనుకుని మెర్సీ భర్త రాజ్ కుమార్ నీళ్ళ చెంబు పట్టుకుని వెనకగది మీదికి దండెత్తాడు. ఆ సంగతి చెప్పుకుని ఇంటిల్లిపాదీ వారం రోజులు నవ్వుకున్నారు.

నవ్వనిది సుందరమ్మగారొక్కరే. ఆవిడకి అది మగగొంతని తోచనే లేదు. "అది మెర్సీయే కదయ్యా, ఆ మాత్రం తెలీదా?" అంది అల్లుడితో. ఆవిడకి చెవుడు. మిషను పెడితే వినబడుతుంది, తీస్తే ఉరుము ఉరిమినా తెలీదు. కానీ మిషను లేకపోయినా కూతురి గొంతు మాత్రం ఆవిడకి అందేది. డాక్టరు నమ్మలేదు. కన్నతల్లి చెవికి డాక్టరు చీటీ ఎందుకని ఆవిడా పట్టించుకోలేదు.

పొద్దులంకకి మెర్సీ పెట్టిన కట్టుబాట్లలో ఒకటి వినేవాళ్ళకి తెగ నచ్చింది. లంకమట్టి నిలవదు, ఏటేటా ఏరు కోసుకుపోతుంది. అందుకని లంకలో ఎవరినీ పాతిపెట్టరు. పోయినవాళ్ళని దీపాల వేళ పడవలో ఒడ్డుకి తెచ్చి, "చోటుందా అండీ?" అని ముత్యాలరాజు అడుగుతాడు. ఒడ్డువాళ్ళు "ఉందండీ" అంటే అక్కడ మట్టిచ్చి, తల దగ్గర ఒక తెడ్డు పాతుతారు. లంకవాళ్ళు ఊరికే పుచ్చుకునే రకం కాదు. చోటుకి చోటు. ఒడ్డున ఎవరి చోటు ఇచ్చారో వాళ్ళకి, పోయినమనిషి ఇల్లు ఇస్తారు. ఇల్లు ఊడ్చి, దీపం పెట్టి, పడవ పంపించి, మూడుసార్లు పిలుస్తారు. పలికితే పడవెక్కాలి. మూడుసార్లకీ పలక్కపోతే పడవ ఖాళీగా వెళ్ళిపోతుంది.

"ఎంత మర్యాదైన ఊరండీ!" అని విన్నవాళ్ళంతా మురిసిపోయారు. మెర్సీ కూడా మురిసిపోయింది. మరి కట్టింది తనే కదా.

అక్టోబరు చివర్లో కథలో పైడమ్మ చచ్చిపోయింది. ఆ భాగం వచ్చిన సాయంత్రం మెర్సీ యాప్‌లో లైవ్‌కి వచ్చి, అడిగినవాళ్ళకి జవాబులు చెబుతోంది. ఎవరో ఒకావిడ అడిగింది, "మేడం, పైడమ్మకి ఒడ్డున చోటెవరిచ్చేరండీ?" అని.

దానికి మెర్సీ దగ్గర జవాబు లేదు. గేదెల దగ్గర్నుంచి ఉప్పు దాకా అన్నీ ఆలోచించిన మనిషి ఆ ఒక్కటీ ఆలోచించలేదు. వందలమంది చూస్తుండగా నోరు తెరుచుకుని కూర్చోడం నామోషీ అనిపించింది. నోటికొచ్చిందనేసింది.

"మా నాన్నగారి పక్కన చోటుందిగా అండీ. అదిచ్చేశాను."

అని నవ్వింది. అందరూ నవ్వు బొమ్మలు పంపారు. ఊరంతా కల్పించి, ఆ ఒక్క చోటు మాత్రం నిజంది వాడింది మెర్సీ.

ఆ చోటు సుందరమ్మగారిది. భర్త ఏసుపాదం మాస్టారు పోయినప్పుడు, సమాధుల తోటలో ఆయన పక్కనే ఇంకో మనిషికి సరిపడా జాగా వదిలించి చుట్టూ ఇటకల వరస కట్టించుకుంది. నవంబరులో సమాధుల పండగ వస్తే అందరూ తమవాళ్ళ సమాధులకి సున్నం వేసుకుంటారు. ఆవిడ ఆయనకి వేసి, తన ఇటకలకీ వేసుకునేది.

"బతికుండగా సున్నాలేంటమ్మా?" అని మెర్సీ విసుక్కుంటే, "నా మంచం నేను దులుపుకోపోతే ఎవరు దులుపుతారే? ఇన్నేళ్ళు ఆయన పక్కన పడుకున్నాను. వేరే చోట నాకు నిద్దర పట్టదు," అనేది. ఆవిడకి ఈ లోకంలో మిగిలిన కోరిక అదొక్కటే.

సమాధుల పండగ రోజు పొద్దున్నే ముగ్గురూ సున్నం డబ్బా, బంతిపూలు, కుంచె పట్టుకుని వెళ్ళారు. ఎండ చక్కగా కాస్తోంది. చుట్టూ జనం గడ్డి పీకుతూ, పిల్లల్ని కేకలేస్తూ, టిఫిన్ పొట్లాలు విప్పుతూ ఉన్నారు. అందరికంటే ముందు నడిచిన సుందరమ్మగారు ఆగిపోయింది.

"ఎవడే నా చోట్లో మట్టి పోసేడు?"

ఇటకల వరస మధ్యలో మట్టి కుప్ప. మనిషంత పొడుగు. సమాధుల తోటలో మట్టి ఎర్రది. ఈ మట్టి నల్లగా, మెత్తగా, ఇంకా తడిగా ఉంది. ఏటి ఒండ్రు. తల వైపు ఒక తెడ్డు పాతి ఉంది, దాని అంచు విరిగింది.

రాజ్ కుమార్ తెడ్డు చూశాడు, భార్య మొహం చూశాడు. "నీ అభిమానులెవరో తెలివితేటలు చూపించేరు. ఆ రోజు లైవ్‌లో అన్నావు కదా," అన్నాడు కోపంగా. మెర్సీ కూడా అదే అనుకుంది. అనుకుని ఊపిరి పీల్చుకోబోయింది. అంతలో వాసన తగిలింది.

పొగచుట్ట వాసన. తెడ్డు మొదట్లో, మట్టి మీద, సగం కాల్చి ఆర్పిన చుట్ట ఉంది.

పైడమ్మ చుట్ట కాల్చేది. నిప్పు లోపలికి పెట్టుకుని అడ్డచుట్ట కాల్చి, సగంలో ఆర్పి చెవి మీద దోపుకునేది. ఆ అలవాటు మెర్సీకి తెలుసు. కానీ పట్నంవాళ్ళు ఏమనుకుంటారో అని కథలో చెప్పలేదు. లైవ్‌లో చెప్పలేదు. మొగుడికి చెప్పలేదు. అది మెర్సీ బుర్రలో తప్ప ఈ భూమ్మీద ఎక్కడా లేదు.

తోట కాపలా చూసే అబ్బులుని పిలిచారు. "నిన్న చీకటిపడే దాకా ఇక్కడే ఉన్నానండి. ఏమీ లేదండి. చర్చి అయ్యగారికి చెప్పకుండా ఇక్కడ ఎవరినీ పెట్టరండి," అన్నాడు. తీసెయ్యమని సుందరమ్మగారు పట్టుబట్టింది. అబ్బులు పార తెచ్చి ఒక తట్టెడు మట్టి తీశాడు. తీసిన గుంటలోకి అడుగునుంచి నీళ్ళూరాయి. నీళ్ళతో పాటు మట్టీ ఊరింది. ఇంకో తట్ట తీశాడు. కుప్ప మళ్ళీ అంతే అయింది. నాలుగు తట్టలు తీశాడు అబ్బులు. పార అక్కడే వదిలేశాడు.

"నా వల్ల కాదు టీచరుగారండి. కింద ఎవరో పైకి తోస్తున్నట్టు ఉందండి," అన్నాడు చిన్నగా.

సుందరమ్మగారు ఏడవలేదు, అరవలేదు. ఆ కుప్ప పక్కనే చతికిలబడి, భర్త సమాధి మీద చెయ్యి వేసింది. "మరి నేనెక్కడికి పోనండీ?" అని ఆయన్నే అడిగింది. కూతురు వంక చూడలేదు. మెర్సీకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇంటికి రాగానే మెర్సీ వెనకగదిలోకి దూరి తలుపు వేసుకుంది. భయంగా ఉన్నా, లోపల్లోపల ఒక ధైర్యం ఉంది. కట్టింది తను, మార్చేదీ తనే. పైడమ్మకి లంకలోనే చోటు పెట్టేస్తే సరిపోతుంది. చెంచాతో కాస్త మట్టి తీసుకుని లంక నడుమ చిన్న దిబ్బ చేసింది. వేళ్ళు తియ్యగానే దిబ్బ జారింది. మళ్ళీ చేసింది, గట్టిగా అదిమింది. మట్టి ఒరుసుకుంటూ, ఇళ్ళ మధ్యనుంచి పాకుతూ వెళ్ళి నీలం రంగులో పడిపోయింది. రెండేళ్ళ కిందట ఎండి గట్టిపడిన మట్టి అది. లంకమట్టి నిలవదని నియమం పెట్టింది తనే.

సరే, చెప్పి మారుద్దామనుకుంది. ఫోను ముందు కూర్చుంది. ముత్యాలరాజు ఒడ్డుకి వచ్చి, "తప్పయిపోయిందండి, మా పైడమ్మని మేం తీసుకుపోతావండి," అనాలి. అంతే. ఒక్క ముక్క. గొంతు సవరించుకుని బొంగురు గొంతు తెచ్చుకోబోయింది.

రాలేదు. నోట్లోంచి ఉత్త గాలి వచ్చింది.

మామూలు గొంతుతో మాట్లాడి చూసింది. అది బాగానే ఉంది. మళ్ళీ ముత్యాలరాజు గొంతు కోసం ప్రయత్నించింది. గాలి. ఎన్నోసార్లు పలికిన గొంతు, నిద్రలో లేపి అడిగినా పలికే గొంతు. అది తన ఒంట్లో లేదు. ఎటో వెళ్ళింది. మెర్సీ చెక్క వంక చూసింది. రేవులో ఉండాల్సిన వేలెడంత పడవ అక్కడ లేదు.

అప్పుడర్థమయింది మెర్సీకి. పడవ బయల్దేరింది. పైడమ్మకి చోటిచ్చారు. చోటుకి చోటు ఇవ్వడానికి వస్తున్నారు. ఆ చోటు ఎవరిదో ఆ ఊరికి బాగా తెలుసు.

పొద్దు వాలుతోంది. సమాధుల తోటలో కొవ్వొత్తులు వెలిగించే వేళ. సుందరమ్మగారు తెల్లచీర కట్టుకుని, కొవ్వొత్తుల పొట్లం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నువ్వు రావద్దమ్మా. నీ అల్లుడు వెలిగించొస్తారు. నీకు మోకాళ్ళ నొప్పులు కదా," అంది మెర్సీ.

"మీ నాన్నకి నేను వెలిగించని సంవత్సరం ఉందా? ఇవాళ అసలే ఎవత్తో వచ్చి పక్కన పడుకుంది. నేను కూడా రాపోతే ఏమనుకుంటారే ఆయన?"

నవ్వొచ్చే మాటే. మెర్సీకి ఏడుపొచ్చింది. రాజ్ కుమార్‌ని బతిమాలి కొవ్వొత్తులిచ్చి పంపించింది. వీధి తలుపు గడియ పెట్టింది. పెరటి తలుపు గడియ పెట్టింది. పెరటి గేటుకి గొళ్ళెం ఉందో లేదో రెండుసార్లు చూసింది. తరవాత తల్లి దగ్గరికొచ్చి, మెల్లిగా ఆవిడ చెవిలోంచి మిషను తీసేసింది.

"అదెందుకు తీస్తున్నావే?"

"బ్యాటరీ మార్చాలమ్మా," అంది మెర్సీ. తల్లికి తను చెప్పిన అబద్ధాల్లో అదే ఆఖరిది.

మూడు పిలుపులు. మూడూ ఈ చెవుల పడకుండా దాటించేస్తే చాలు. పడవ ఖాళీగా వెళ్ళిపోతుంది. ఆ నియమమూ తనదే. దాన్ని పట్టుకుని వేలాడుతోంది మెర్సీ. తల్లి పక్కన మంచం మీద కూర్చుని ఆవిడ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. సున్నం పగుళ్ళతో గరుకుగా, వెచ్చగా ఉంది చెయ్యి.

కరెంటు పోయింది.

ఫ్యాను మెల్లగా తిరిగి ఆగింది. దూరంగా సమాధుల తోటలో పాడుతున్న పాట ఆగిపోయింది. కీచురాళ్ళు ఆగిపోయాయి. ఇంటి చుట్టూ చప్పుడన్నది లేదు. ఆ నిశ్శబ్దంలో ఒకటే వినబడుతోంది. నీళ్ళు. మెత్తగా, తీరుబడిగా, చెక్కకి తగులుతున్న నీళ్ళు. ఏరు నాలుగు తోటల అవతల ఉంది. ఈ చప్పుడు పెరట్లోంచి వస్తోంది.

పెరటి తలుపు సందులోంచి తడి ఒండ్రు వాసన వచ్చింది. దాని వెనక చుట్టపొగ.

"సుందరమ్మగారండీ..."

బొంగురు గొంతు. మర్యాదగా, నెమ్మదిగా.

అది ముత్యాలరాజు గొంతు. అంటే తన గొంతు. ఇన్నాళ్ళూ ఇంటిల్లిపాదీ విని నవ్వుకున్న గొంతు. అది ఇప్పుడు గేటు అవతల నిలబడి పిలుస్తోంది.

తల్లి వంక చూసింది. చీకట్లో ఆవిడ కదల్లేదు. వినబడలేదు... దేవుడా, వినబడలేదు.

"ఇల్లు ఊడ్చి ఉంచేవండి... సుందరమ్మగారండీ..."

రెండు. తల్లి చేతిని ఇంకా గట్టిగా పట్టుకుంది. ఇంకొక్కటి దాటితే అయిపోతుంది. పెదాలు వాటంతటవే ప్రార్థన చేస్తున్నాయి. ఆ ప్రార్థనకి శబ్దం లేదన్న సంగతి మెర్సీ గమనించలేదు.

నీళ్ళ చప్పుడు ఆగింది.

చాలాసేపు ఏమీ లేదు. వెళ్ళిపోయారేమో...

"అమ్మా."

బొంగురు గొంతు కాదు. మామూలు గొంతు. బడి నుంచి రాగానే గుమ్మంలోంచి పిలిచే గొంతు. ఆకలేస్తే పిలిచే గొంతు. మెర్సీ గొంతు.

"రావే... చీకటి పడిపోతోంది."

సుందరమ్మగారు తలెత్తింది. చెవిలో మిషను లేదు. ఉరుము కూడా వినబడని చెవులవి. ఆవిడ మొహం గేటు వైపు తిరిగింది.

మెర్సీ అరిచింది. 'అది నేను కాదమ్మా, నేనిక్కడున్నాను, నీ పక్కనే ఉన్నాను' అని గుండెలు పగిలేలా అరిచింది. నోట్లోంచి ఉత్త గాలి వచ్చింది. మళ్ళీ అరిచింది. గాలి. బొంగురు గొంతు ముందే పోయింది, మిగతా గొంతు ఇప్పుడు పోయింది. ఉన్నదంతా గేటు అవతల ఉంది. తల్లి నోరు మూద్దామని రెండో చెయ్యి చాపింది.

గోదావరి జిల్లాలో పుట్టిన మనిషి. ఎవరు పిలిచినా పలక్కుండా ఉండడం ఆవిడకి చేతకాదు. ఇక పిలిచింది కూతురాయె.

"ఆయ్... వస్తున్నానమ్మా మెర్సీ," అంది సుందరమ్మగారు.

చేతిలో ఉన్న చెయ్యి చల్లబడింది. మెర్సీ వదల్లేదు. రెండు చేతులతో పట్టుకుంది. గరుకుతనం పోయింది. చెయ్యి మెత్తబడింది... తడిసింది... వేళ్ళ మధ్యనుంచి కొంచెం కొంచెంగా జారింది. ఎంత గట్టిగా అదిమితే అంత జారింది. పెరట్లో ఎవరో తెల్లచీర మనిషిని చెయ్యి అందించి ఎక్కించుకున్నట్టు పడవ ఒక పక్కకి ఒరిగిన చప్పుడయింది. ఆ తరవాత తెడ్డు నీళ్ళలో పడిన చప్పుడు.

కరెంటు వచ్చేసరికి రాజ్ కుమార్ వీధి తలుపు బాదుతున్నాడు. మంచం మీద మెర్సీ ఒక్కతే ఉంది. రెండు గుప్పిళ్ళ నిండా నల్లటి ఒండ్రు. గుప్పిళ్ళు విప్పడానికి ఆవిడ ఎంతకీ ఒప్పుకోలేదు.

సుందరమ్మగారి కోసం వెతకని చోటు లేదు. పోలీసులొచ్చారు, రేవులో వలలేశారు, పంటు పడవలవాళ్ళు కోటిపల్లి ఒడ్డు దాకా గాలించారు. మతిమరుపు వచ్చి ఏట్లో దిగిపోయి ఉంటుందని ఊరు తీర్మానించింది. లోపల గడియ పెట్టిన ఇంట్లోంచి ఎలా వెళ్ళిందని రాజ్ కుమార్ అడిగితే అందరూ మాట మార్చేశారు. శవం లేదు కాబట్టి భూస్థాపన లేదు. అయ్యగారు వచ్చి ప్రార్థన చేసి, టీ తాగి వెళ్ళారు. మాస్టారి పక్కన తెడ్డు అలాగే ఉంది. దాన్ని ముట్టుకోడానికి అబ్బులు ససేమిరా అన్నాడు.

మెర్సీకి మాట పోయింది. అమలాపురంలో చూపించారు, కాకినాడలో చూపించారు. గొంతులో లోపమేమీ లేదన్నారు, షాక్ అన్నారు. బడికి సెలవు పెట్టింది. మొగుడితో చేతులతో చెబుతుంది, వీలుకాకపోతే ఫోనులో టైపు చేసి చూపిస్తుంది. పెరట్లో ఏం జరిగిందో అతనికి టైపు చెయ్యబోయి, నాలుగు మాటలు కొట్టి, చెరిపేసింది. ఎలా చెబుతుంది? తన తల్లి చోటు తనే నవ్వుతూ ఇచ్చేసిందని ఏ అక్షరాలతో కొడుతుంది?

వెనకగదికి తాళం వేసే ముందు ఒక్కసారి లోపలికి వెళ్ళింది. పడవ తిరిగొచ్చి రేవులో ఉంది. పైడమ్మది అగ్గిపెట్టంత ఇల్లు, మట్టి రంగులో వదిలేసింది తను. దాని గోడలకి ఇప్పుడు సున్నం వేసి ఉంది. కుంచె గీతలు ఒక్క తీరుగా, పైనుంచి కిందకి, సుందరమ్మగారు ఎప్పుడూ వేసేలాగే ఉన్నాయి. అరుగు మీద ఈనె ముక్కంత మంచం ఉంది. ఒకటి కాదు, రెండు. పక్కపక్కన.

మెర్సీ వాటిని చాలాసేపు చూసింది. తల్లి ఏం చేసిందో తెలియనంత వెర్రిది కాదు. తండ్రి పక్కన చోటు ఉంచుకున్న మనిషి, కూతురికి మాత్రం తన పక్కన ఉంచదా? కోపం రాలేదు. తల్లిని ఒక్కసారి చూడాలనిపించింది, అంతకంటే ఎక్కువగా భయమేసింది. చెక్కని తగలబెట్టాలని అగ్గిపుల్ల గీసింది. ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరుంటున్నారో గుర్తొచ్చి ఊదేసింది. తలుపు మూసి తాళం వేసి, తాళంచెవి తీసుకెళ్ళి గౌతమిలో పడేసింది.

క్రిస్మస్ వెళ్ళింది. స్టార్లు దించేశారు. ఒక సాయంత్రం రాజ్ కుమార్ ఇంకా ఆఫీసు నుంచి రాలేదు. మెర్సీ వంటింట్లో బియ్యం కడుగుతోంది. పక్కింటి టీవీ చప్పుడు ఆగిపోయింది. కీచురాళ్ళు ఆగిపోయాయి.

కరెంటు పోయింది.

పెరట్లో నీళ్ళు... చెక్కకి తగులుతూ.

"మెర్సీ..."

అమ్మ గొంతు. అలిసిపోయి, కాస్త విసుగ్గా, పని మధ్యలో ఉన్న గొంతు.

"ఏవే మెర్సీ... సున్నం అయిపోయిందే. కాస్త పట్టుకురా..."

మెర్సీ గోడకి ఆనుకుంది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. అమ్మా అనాలని ప్రాణం కొట్టుకుంది. అనలేదు. అనాలన్నా అనలేదు. ఇన్నాళ్ళకి తన మూగతనం ఎంత మేలు చేసిందో అర్థమయింది. మూగదానికి పిలుపంటే భయమేమిటి? రెండు పిలిచింది. ఇంకొక్కటి. పలికే గొంతే లేనప్పుడు పడవ ఖాళీగా వెళ్ళక ఏం చేస్తుంది? అయినా నమ్మకం చాలక, రెండు అరచేతులూ నోటికి అడ్డం పెట్టుకుని గట్టిగా నొక్కుకుంది. పళ్ళు పెదవిలో దిగబడి ఉప్పగా తగిలింది.

"మెర్సీ... రావే. నీ పక్క వేసేనమ్మా..."

మూడు. మెర్సీ కళ్ళు మూసుకుంది. నోరు మూసే ఉంది. చేతులు నోటి మీదే ఉన్నాయి.

తాళం వేసిన వెనకగదిలోంచి, ఎంతో హాయిగా, ఎంతో ఇష్టంగా, తన గొంతు పలికింది.

"ఆయ్... వస్తున్నానమ్మా."

పెరటి గేటు గొళ్ళెం తీసిన చప్పుడయింది.